అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మూడవ జార్జి రాజు పాత్ర ఎంత?

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన గురించి గత సంచికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే మనిషి చుట్టూ తిరిగాయి. ఆయన ఇంగ్లండు రాజు మూడవ జార్జి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆయనకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మూడవ జార్జి నిరంకుశత్వాన్ని భరించలేక అమెరికా వలసలు తిరగబడ్డాయని మా పాఠ్యపుస్తకంలో ఉంది. పన్నులు వేసింది పార్లమెంటేననీ, రాజుకు అప్పటికే చెప్పుకోదగిన అధికారం లేదనీ మా అధ్యాపకులు అంటారు. వీటిలో ఏది నిజం? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: రెండింటిలోనూ కొంత నిజం ఉందమ్మా. ఏ సంవత్సరం గురించి మాట్లాడుకుంటున్నామన్న దాన్ని బట్టి ఈ ప్రశ్నకు జవాబు మారిపోతుంది. తేదీలను పక్కన పెట్టి తీర్పు చెప్పబోయేవారు తడబడేది ఇక్కడే.

తాత రెండవ జార్జి 1760 అక్టోబరులో మరణించగా, 22 ఏళ్ల వయసులో ఈయన సింహాసనం ఎక్కారు. జర్మనీలోని హానోవరు నుంచి వచ్చిన ఆ రాజవంశంలో ఇంగ్లండులో పుట్టి, ఇంగ్లీషే మాతృభాషగా పెరిగిన మొదటి రాజు ఆయనే. 1688 నాటి విప్లవం తరువాత పార్లమెంటు అనుమతి లేకుండా ఒక్క పెన్నీ పన్ను వేసే అధికారం ఇంగ్లండు రాజుకు లేదు. పార్లమెంటు ఆమోదించిన బిల్లును తిరస్కరించే హక్కు పేరుకు ఉన్నా, 1708 తరువాత ఏ రాజూ దానిని ఉపయోగించలేదు. అయితే మంత్రులను ఎంచుకోవడం, పదవులు, పింఛన్లు, బిరుదులు పంచిపెట్టడం, సైన్యాధికారుల నియామకంలో తన మాట చెల్లించుకోవడం మాత్రం రాజు చేతిలోనే ఉండేవి. చట్టం చేయలేకపోయినా, ఆ చట్టం చేసేవారిని నిలబెట్టగల శక్తి ఆయనకు ఉండేదన్న మాట.

ఇక పన్నుల సంగతి. ఫ్రాన్సుతో 1756 నుంచి 1763 వరకు సాగిన ఏడేళ్ల యుద్ధంలో బ్రిటన్ గెలిచింది గాని, జాతీయ రుణం కొండలా పెరిగింది. అమెరికాలో నిలిపి ఉంచిన సైన్యం ఖర్చులో కొంతైనా వలసవాసులే భరించాలని ప్రధానమంత్రి గ్రెన్‌విల్ మంత్రివర్గం 1765లో స్టాంపు చట్టం తెచ్చింది. దస్తావేజులు, వార్తాపత్రికలు, చివరికి పేకముక్కలు కూడా దాని కిందికి వచ్చాయి. ఆ ఆలోచన రాజుది కాదు. నిజానికి ఆయనకు గ్రెన్‌విల్ అంటే గిట్టదు. అదే సంవత్సరం గ్రెన్‌విల్‌ను పదవి నుంచి తొలగించారు కూడా. వలసలు భగ్గుమన్నప్పుడు, చట్టాన్ని సవరించడం మేలని రాజు మొదట భావించినా, దానిని బలవంతంగా అమలు చేయడం కన్నా రద్దు చేయడమే మంచిదని చెప్పి, 1766లో రద్దుకు మద్దతు ఇచ్చారు.

మరొక ఉదాహరణ చెబుతాను, దీన్ని చాలా పుస్తకాలు వదిలేస్తాయి. 1769లో వలసల వ్యవహారాల మంత్రి హిల్స్‌బరో మసాచుసెట్స్ ప్రజలను శిక్షించేందుకు వారి పాలనా పత్రాన్నే మార్చాలని సూచించారు. రాజు దానిని ఒప్పుకోలేదు. అంత కఠినమైన చర్య కలహాన్ని తగ్గించడానికి బదులు పెంచుతుందని ఆయన స్వయంగా రాశారు. మంత్రి వేడి మీద ఉంటే చల్లబరచినది రాజే.

అయిదేళ్లలో ఆ మనిషే మారిపోయారు. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో ఈస్టిండియా కంపెనీకి చెందిన 342 తేయాకు పెట్టెలు నిరసనకారుల చేతిలో సముద్రం పాలయ్యాయి. మరుసటి ఫిబ్రవరి 4న ప్రధానమంత్రి లార్డ్ నార్త్‌కు రాసిన ఉత్తరంలో రాజు, 1766లో స్టాంపు చట్టం విషయంలో తలొగ్గడమే కొంప ముంచిందనీ, అప్పటి నుంచి అమెరికన్ల కోరికలు ఏటేటా పెరుగుతున్నాయనీ వాపోయారు. ఒకప్పుడు తాను సమర్థించిన రాజీయే ఇప్పుడు ఆయన కంటికి మొదటి తప్పుగా కనిపించింది. అదే ఉత్తరంలో, అమెరికాలోని బ్రిటిష్ సైన్యాధిపతి జనరల్ గేజ్ తనతో అన్న మాటలనూ ప్రస్తావించారు: మనం గొర్రెపిల్లల్లా ఉన్నంతకాలం వాళ్లు సింహాల్లా ఉంటారు, మనం గట్టిగా నిలబడితే అణగిపోతారు. ఆ మాట రాజు మనసులో నాటుకుపోయింది. 1769లో తాను వద్దన్న పాలనా పత్రం సవరణను 1774లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు మనస్ఫూర్తిగా ఆమోదించారు. బోస్టన్ వెళ్లి పరిస్థితిని కళ్లారా చూసిన గేజ్, 1774 నాటి ఆ శిక్షా చట్టాలను కొంతకాలం నిలిపివేస్తే మంచిదేమోనని రాసినప్పుడు, అంతకన్నా అర్థం లేని సలహా మరొకటి లేదని కొట్టిపారేశారు. 1774 నవంబరులో, వాళ్లు మనకు లోబడి ఉండాలో స్వతంత్రులు కావాలో దెబ్బలే తేల్చాలని నార్త్‌కు రాశారు. లెక్సింగ్టన్‌లో మొదటి తుపాకీ పేలడానికి అప్పటికి ఇంకా అయిదు నెలలు ఉంది.

కాబట్టి మీ అధ్యాపకులు చెప్పినది 1773 దాకా సరిగ్గా సరిపోతుంది. 1774 నుంచి రాజు చేయి స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్న: తప్పు పార్లమెంటుదైతే స్వాతంత్ర్య ప్రకటనలో నిందలన్నీ రాజు మీద ఎందుకు మోపారు? ఇది అన్యాయం కాదా? (ఒక న్యాయవాది)

జవాబు: మీరు న్యాయవాది కనుక ఈ జవాబు మీకు వెంటనే పట్టుబడుతుంది. ఆ ప్రకటనను ఒక దావా కాగితంలా చదవండి. "ఆయన ఇలా చేశాడు, ఆయన ఇలా చేశాడు" అంటూ 27 ఆరోపణలు వరుసగా వస్తాయి. పార్లమెంటు అన్న మాట అందులో ఒక్కచోట కూడా కనిపించదు. అది మరచిపోయి చేసిన పని కాదు. తమ ప్రతినిధులు లేని పార్లమెంటుకు తమ మీద ఏ అధికారమూ లేదనీ, తమను బ్రిటన్‌తో కలిపి ఉంచుతున్న బంధం రాజు ఒక్కడేననీ అప్పటికి కొన్నేళ్లుగా వలసల నాయకులు వాదిస్తున్నారు. లేని బంధాన్ని తెంచుకోవడం కుదరదు. ఉన్న ఒక్క బంధాన్నే తెంచుకోవాలి. కాబట్టి ప్రతివాది రాజే కావలసి వచ్చింది.

ఆ వాదనలో మరొక కోణం కూడా ఉంది. పార్లమెంటు అన్యాయం చేస్తుంటే అడ్డుకోవలసిన తండ్రిగా వాళ్లు చాలాకాలం రాజును చూశారు. యుద్ధం మొదలైన తరువాత కూడా తమ మీదికి వచ్చినది రాజు సైన్యమని అనడానికి వాళ్లకు నోరు రాలేదు. అమెరికన్ల సేనాధిపతి వాషింగ్టన్ ఉత్తరాలలో అది మంత్రుల సైన్యమే. 1775 జూలైలో ఫిలడెల్ఫియాలోని కాంగ్రెసు, అంటే వలసల ప్రతినిధుల సభ, చివరి ప్రయత్నంగా రాజుకు ఒక విన్నపం పంపింది. దానిని ఆలివ్ కొమ్మ విన్నపం అంటారు. జాన్ డికిన్సన్ చేతిలో రూపుదిద్దుకున్న ఆ పత్రంలో భక్తి, వినయం తప్ప ధిక్కారం కనిపించదు. రాజు దానిని స్వీకరించనైనా లేదు. విన్నపం తెచ్చినవారు దానిని మంత్రికి అందజేసేటప్పటికే, అంటే సెప్టెంబరు 1 నాటికే, వలసలు తిరుగుబాటులో ఉన్నాయని ప్రకటిస్తూ ఆగస్టు 23న రాజశాసనం వెలువడింది. నా దృష్టిలో ఆయన చేసిన అతి పెద్ద తప్పు ఇదే. తన మీద ఇంకా నమ్మకం పెట్టుకున్నవాళ్ల నోటి ముందే తలుపు మూశారు. 1776 జనవరిలో థామస్ పెయిన్ కరపత్రం రాజరికాన్నే ఎండగట్టినప్పుడు జనం దానిని ఎగబడి చదివారంటే, ఆ మూసిన తలుపే సగం కారణం.

జనం మనసు ఎంతగా విరిగిందో చెప్పడానికి న్యూయార్కులోని ఒక విగ్రహం కథ చాలు. స్టాంపు చట్టం రద్దయినందుకు కృతజ్ఞతగా, గుర్రం మీద కూర్చున్న మూడవ జార్జి విగ్రహాన్ని ఆ నగరవాసులు 1770లో బౌలింగ్ గ్రీన్ అనే చోట నిలబెట్టారు. సీసంతో పోతపోసి, బంగారు పూత పూసిన విగ్రహం అది. 1776 జూలై 9 సాయంత్రం స్వాతంత్ర్య ప్రకటనను వాషింగ్టన్ సైన్యానికి చదివి వినిపించారు. అది విన్న సైనికులు, జనం కలిసి వెళ్లి తాళ్లు కట్టి విగ్రహాన్ని కిందికి లాగారు. ఆ సీసంలో చాలా భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్ అనే ఊరికి చేరింది. అక్కడ స్త్రీలు, పిల్లలు దానిని కరిగించి, అచ్చుల్లో పోసి, 42,088 తుపాకీ గుండ్లు తయారు చేశారు. అంత కచ్చితమైన సంఖ్య మనకు దొరకడానికి కారణం, ఎవరు ఎన్ని గుండ్లు పోశారో అప్పుడే లెక్క రాసి పెట్టడం. కృతజ్ఞతతో నిలబెట్టిన రాజు ఆరేళ్లకే తన సొంత సైనికుల మీదికి గుండ్లుగా మారి వెళ్లారు. ఆ విగ్రహం చుట్టూ 1771లో కట్టిన ఇనుప కంచె ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆరోపణలలో అన్యాయమైనవీ ఉన్నాయి. సమ్మతి లేకుండా పన్ను వేశాడన్నది రాజుకు తగలదు. వలసల శాసనసభలు చేసిన చట్టాలను తిరస్కరించాడన్నది మాత్రం తగులుతుంది, ఎందుకంటే బ్రిటిష్ చట్టాల విషయంలో మూలబడిన తిరస్కార హక్కు వలసల చట్టాల విషయంలో లండనులోని రాజమండలి (ప్రీవీ కౌన్సిల్) ద్వారా సజీవంగానే ఉండేది. కిరాయి సైన్యాల మాటా నిజమే. హెస్సె-కాసెల్ మొదలైన జర్మన్ సంస్థానాల నుంచి యుద్ధకాలంలో సుమారు 30 వేల మంది సైనికులు అమెరికా వెళ్లారు. తాను పాలకుడిగా ఉన్న హానోవరు దళాలను జిబ్రాల్టరు, మినోర్కా కోటలకు పంపి, అక్కడి బ్రిటిష్ దళాలను అమెరికాకు వెళ్లేలా చేసినది కూడా రాజే.

ప్రశ్న: 1776 జూలై 4న ఆయన తన డైరీలో "ఈ రోజు విశేషమేమీ లేదు" అని రాసుకున్నారట. ఆయనకు అప్పటికే మతి చలించిందని కూడా విన్నాను. (ఒక పాఠకుడు)

జవాబు: రెండూ నిజం కావు. మూడవ జార్జి డైరీ రాసిన మనిషే కాదు. రాసినా, సముద్రం దాటి రావలసిన ఆ వార్త లండను చేరినది ఆగస్టులో. ఇక అనారోగ్యం సంగతి: ఆయన మనసు తీవ్రంగా చెదిరినది 1788లో, అంటే యుద్ధం ముగిసిన అయిదేళ్లకు. కొడుకు రాజప్రతినిధిగా బాధ్యతలు తీసుకున్నది 1811లో. అమెరికా విషయంలో ఆయన తీసుకున్న నిర్ణయాలన్నీ పూర్తి స్పృహతో, తన చేత్తో రాసి తీసుకున్నవే. వాటిని పిచ్చి ఖాతాలో వేయడం ఆయనకూ, చరిత్రకూ న్యాయం కాదు.

ప్రశ్న: రాజు తన అధికారం కోసం కాక పార్లమెంటు హక్కుల కోసమే పోరాడారని ఒక వ్యాసంలో చదివాను. అలాంటప్పుడు యుద్ధానికి ఆయనను బాధ్యుడిని చేయవచ్చా? తలచుకుంటే ఆయన దానిని ఆపగలిగేవారా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, మీరు చదివినది సరైనదే. 1775 సెప్టెంబరులో నార్త్‌కు రాస్తూ, తాను శాసనసభ తరఫున యుద్ధం చేస్తున్నానని ఆయనే అన్నారు. ఆ మాటలో కపటం లేదు. పార్లమెంటుకు సర్వాధికారం ఉందన్న సిద్ధాంతాన్ని ఆయన మనసారా నమ్మారు. అప్పటి పార్లమెంటు సభ్యులలో అత్యధికులు కూడా నమ్మారు. యుద్ధం మొదలవడానికి ఆయన ఒక్కరే కారణమనడం తప్పు. అది అంతకాలం సాగడానికి మాత్రం ఆయనే ప్రధాన కారణమని నేను భావిస్తాను. అందుకు ఆధారాలు ఆయన ఉత్తరాలే.

ఆ ఉత్తరాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దాదాపు అంధుడైన తరువాత, 1805లో గాని ఆయన ఆంతరంగిక కార్యదర్శిని పెట్టుకోలేదు. అంతవరకు మంత్రులకు పోయే ఉత్తరాలు తానే రాసేవారు. ప్రతి ఉత్తరం మీద తేదీతో పాటు గంట, నిమిషం కూడా వేసేవారు. సైనికుల యూనిఫారాలు, అధికారుల బదిలీలు, ఏ బిల్లుకు ఎన్ని ఓట్లు పడ్డాయి, ఎవరు ఎటు ఓటు వేశారు అన్నవి ఆయన కంటి నుంచి తప్పించుకునేవి కావు. ఆయన సోమరి కాదు, క్రూరుడూ కాదు. కర్తవ్యం అనే మాటను ప్రాణంగా చూసుకున్న మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది. తాను కర్తవ్యమని నమ్మిన దానిని వదలడం ఆయన దృష్టిలో పాపమే.

1777 అక్టోబరులో సారటోగా వద్ద బ్రిటిష్ సేనాని బర్గోయిన్ సైన్యం లొంగిపోయింది. 1778 ఫిబ్రవరిలో ఫ్రాన్సు అమెరికాతో ఒప్పందం చేసుకుంది. వలసలను తిరిగి జయించడం ఇక సాధ్యం కాదని లార్డ్ నార్త్‌కు అర్థమైపోయింది. తనను పంపించి, మరొక సమర్థుడిని పిలవమని ఆయన పదే పదే వేడుకున్నారు. రాజు పంపించలేదు. అంతకు ముందు సంవత్సరమే నార్త్ అప్పులు తీర్చడానికి 20 వేల పౌండ్ల వరకు ఇస్తానని ముందుకు వచ్చారు; ఆ మేలు మోమాటమై నార్త్ మెడకు చుట్టుకుంది. నీకు ముందు ప్రధానమంత్రిగా ఉండి వెళ్లిపోయిన గ్రాఫ్టన్ డ్యూకులాగా నువ్వు కూడా ఆపద వేళ నన్ను విడిచి పోతావా అని 1778లో నార్త్‌ను నిలదీశారు. ప్రతిపక్షాన్ని కలుపుకోమన్న సలహా వచ్చినప్పుడు, వాళ్ల సంకెళ్లలో ఉండి కిరీటం ధరించడం కన్నా దానిని పోగొట్టుకోవడమే మేలని రాశారు. యుద్ధం మీద నమ్మకం పోయిన ప్రధానమంత్రిని, ఆ యుద్ధాన్ని నడపడానికే మరో నాలుగేళ్లు కుర్చీలో కూర్చోబెట్టినది రాజు పట్టుదల. పార్లమెంటు ఒత్తిడి లేని చోట ఇది పూర్తిగా ఆయన సొంత నిర్ణయం.

ఎందుకింత పంతం అంటే, దానికీ ఆయన జవాబు రాసి పెట్టారు. 1779 జూన్ 11 నాటి ఉత్తరంలో, ఈ యుద్ధానికి అయ్యే ఖర్చు గిట్టుబాటు అవుతుందా అని లెక్క చూడడం కొట్టులో కూర్చున్న వర్తకుడి తక్కెడతో తూచడమేనని అన్నారు. అమెరికా పోతే వెస్టిండీస్ దీవులు పోతాయి, తరువాత ఐర్లండు పోతుంది, చివరికి ఈ దీవి ఒక్కటే పేదదై మిగులుతుందని ఆయన భయం. ఆ భయం నిజం కాలేదు. కాని దాని కోసం మనుషులు చనిపోతూనే ఉన్నారు. ఖర్చును తక్కెడలో తూచవద్దన్న రాజు ప్రాణాలనైనా తూచి ఉంటే బాగుండేదని ఆ ఉత్తరం చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

లండనులో అసంతృప్తి పెరుగుతూనే ఉంది. రాజు పలుకుబడి పెరిగింది, పెరుగుతోంది, దానిని తగ్గించాలి అన్న తీర్మానం 1780 ఏప్రిల్ 6న కామన్స్ సభలో 233కు 215 ఓట్లతో నెగ్గింది. అయినా యుద్ధం ఆగలేదు. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కారన్‌వాలీస్ ఏడు వేల మందికి పైగా సైన్యంతో లొంగిపోయారు. ఆ వార్త నవంబరు 25న లండను చేరింది. నార్త్, గుండెకు గుండు తగిలినవాడిలా, అయిపోయింది, అంతా అయిపోయింది అంటూ గదిలో పచార్లు చేశారట. రాజు మాత్రం మంత్రి జర్మెయిన్‌కు నిబ్బరంగా జవాబు పంపారు, తన నిశ్చయం మారలేదని రాశారు. ఆ సాయంత్రం జర్మెయిన్ ఇంటి విందులో ఉన్న ఒకరు తన జ్ఞాపకాలలో ఒక చిన్న సంగతి రాశారు. జర్మెయిన్ ఆ ఉత్తరాన్ని చూపిస్తూ, రాజుగారు ఈసారి గంట, నిమిషం వేయడం మరచిపోయారని అన్నారట. అక్షరాలలో ఎక్కడా కనిపించని కలత ఆ ఖాళీలో కనిపించింది.

దాడులు కొనసాగించరాదన్న తీర్మానం 1782 ఫిబ్రవరి 27న 19 ఓట్ల తేడాతో నెగ్గింది. మార్చి 20న నార్త్ రాజీనామా చేశారు. ఆ నెలలోనే రాజు సింహాసనాన్ని వదులుకుంటున్నట్లు ఒక సందేశం రాసుకున్నారు. సభ మనసు మారినందువల్ల తాను యుద్ధం నడపలేననీ, గౌరవమైన సంధీ చేయలేననీ, కిరీటాన్ని కుమారుడికి అప్పగిస్తాననీ దాని సారాంశం. అది పార్లమెంటుకు చేరలేదు, ఆయన కాగితాలలోనే ఉండిపోయింది. ఆపగలిగేవారా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇది: 1775లో ఆయన ఒక్కరే ఆపలేకపోయేవారేమో, 1778లో నార్త్ రాజీనామా మీద ఒక్క సంతకం పెట్టి ఉంటే సంధికి దారి తెరుచుకునేది.

ప్రశ్న: ఓడిపోయిన తరువాత ఆయన అమెరికాను ఎప్పటికైనా ఒప్పుకున్నారా? (ఒక గృహిణి)

జవాబు: ఒప్పుకున్నారు, అదీ ఎంతో హుందాగా. పారిస్ సంధి 1783 సెప్టెంబరు 3న కుదిరింది. 1785 జూన్ 1న అమెరికా మొదటి రాయబారిగా జాన్ ఆడమ్స్ సెయింట్ జేమ్స్ ప్రాసాదంలో ఆయన ముందు నిలబడ్డారు. స్వాతంత్ర్య ప్రకటనను తయారు చేసిన సంఘంలో సభ్యుడైన మనిషి, అందులో ముద్దాయిగా నిలిచిన రాజు ముఖాముఖి నిలవడం అదే మొదటిసారి. ఆడమ్స్ మూడుసార్లు వంగి నమస్కరించి, వణుకుతున్న గొంతుతో మాట్లాడారు. రాజు గొంతు అంతకన్నా ఎక్కువగా వణికిందని ఆయనే రాశారు. విడిపోవడానికి అందరికన్నా చివర ఒప్పుకున్నవాడిని నేనే, కాని అది జరిగిపోయింది కనుక స్వతంత్ర దేశంగా మీ స్నేహానికి ముందుగా చేయి చాచేవాడిని కూడా నేనే అవుతాను అని రాజు అన్నారు.

ప్రశ్న: రాజు గాని, ఆయన కుటుంబంలో ఎవరైనా గాని యుద్ధ సమయంలో అమెరికా వెళ్లారా? (ఒక ఇంటర్ విద్యార్థి)

జవాబు: రాజు వెళ్లలేదు. ఇంగ్లండు సింహాసనం మీద ఉండగా ఆ దేశంలో అడుగుపెట్టిన మొదటి రాజు ఆరవ జార్జి, అదీ 1939లో. కాని మూడవ జార్జి మూడవ కుమారుడు విలియం 1781లో, 16 ఏళ్ల వయసులో నౌకాదళ ఉద్యోగిగా న్యూయార్కు వచ్చాడు. ఆ కుర్రవాడిని ఎత్తుకుపోయి బందీగా ఉంచుకుందామని ఆగ్డెన్ అనే అమెరికన్ అధికారి వేసిన పథకానికి 1782 మార్చిలో వాషింగ్టన్ అనుమతి ఇస్తూ, రాకుమారుడిని అవమానించకుండా మర్యాదగా చూడాలని మరీ మరీ చెప్పారు. కాపలా పెంచడంతో ఆ పథకం సాగలేదు. ఆ కుర్రవాడే 1830లో నాలుగవ విలియంగా ఇంగ్లండు రాజయ్యాడు.